పదిహేడో నంబరు సైకిలు

స్టీలు ప్లాంటు టౌన్‌షిప్‌లో సెక్టర్ 6 తెలుగు లైబ్రరీ ముందు సైకిళ్లు పెట్టే తీరు చూస్తే ఎవరికైనా తల తిరుగుతుంది. సున్నంతో గీసిన గీత ఉంది గానీ, దాన్ని పట్టించుకునే నాథుడు లేడు. సైకాలజీ ప్రొఫెసర్ మీనాక్షి మేడం తన పరిశోధనకు ఇంతకన్నా మంచి చోటు దొరకదని తేల్చేసి, శిష్యురాలు ఛాయను నోటుబుక్కుతో అక్కడ కూర్చోబెట్టారు.

"మొదటి వారం ఊరికే లెక్కపెట్టు. రెండో వారం గీత మీద పెట్టినవాళ్లను చూసి నవ్వి, థాంక్యూ చెప్పు. మూడో వారం నవ్వు బంద్. సైకిళ్లు మళ్లీ వంకరపోతే, మన నవ్వే పనిచేసిందని రుజువు. సంగతి ఎవరికీ చెప్పకూడదు."

"చెప్తే, మేడం?"

"నీ థీసిస్ గోవిందా."

నోటుబుక్కులో పదిహేడో నంబరు సత్యప్రసాద్. ప్లాంటులో ఎలక్ట్రీషియన్. ఫస్ట్ షిఫ్ట్ దిగి నాలుగింటికి పేపరు చదవడానికి వస్తాడు. ఛాయ మొదటిసారి నవ్వినరోజు బిత్తరపోయి స్టాండు వెయ్యడం మరిచాడు. సైకిలు దభీమని పడింది.

"మీరు అందరికీ ఇలాగే థాంక్యూ చెప్తారేటండీ?"

"గీత మీద పెట్టినవాళ్లకే."

"అయితే రేపు స్కేలు తెచ్చుకుంటాను."

నిజంగానే తెచ్చాడు. ముందు చక్రం గీతకు ఆనిందో లేదో వంగి కొలిచి, చెయ్యి చాపి "ఇప్పుడు ఇవ్వండి నా థాంక్యూ" అన్నాడు. ఛాయకు నవ్వు ఆగలేదు. ఇంటికెళ్లాక కూడా ఆగలేదు. అమ్మ జ్వరమేమోనని నుదురు పట్టుకు చూసింది.

మూడో వారం వానతో పాటే వచ్చింది. సోమవారం అతను తడుస్తూ వచ్చి గీత మీద సైకిలు పెట్టి నిలబడ్డాడు. ఛాయ తలెత్తలేదు. మంగళవారమూ అంతే. బుధవారం అతను నేరుగా ఆమె ముందుకొచ్చాడు.

"నారాజ్ అయ్యారేటండీ? ఏటి తప్పు చేశాను?"

ఛాయ నోటుబుక్కులో పదిహేడో నంబరుకి టిక్కు పెట్టింది.

"అమ్మ శుక్రవారం రైలుకి విజయనగరం టికెట్ తీయించింది. పెళ్లిచూపులంట. వెళ్లనా, మాననా?"

థీసిస్ అడ్డం పడింది. "నాకు తెలీదు" అంది. అన్నాక తనను తానే తిట్టుకుంది.

అతను వానలోకి దిగి, వరసలో వంకరగా ఉన్న సైకిళ్లన్నీ ఒక్కొక్కటే ఎత్తి గీత మీద పెట్టాడు. ఛాయ ఉన్నదున్నట్టు లెక్క రాసింది. ఎవరు సర్దారో మాత్రం రాయలేదు.

గురువారం మేడం గొడుగేసుకుని ఊడిపడి నోటుబుక్కు చూశారు. "నవ్వు ఆపితే అరవైకి యాభై తొమ్మిది గీత మీదా? ఇలా జరగడానికి వీల్లేదే" అంటూ తలెత్తి చూస్తే, ఎదురుగా సత్యప్రసాద్ చొక్కా చేతులు మడిచి ఎవరిదో సైకిలు జరుపుతున్నాడు.

"ఏం బాబూ, ఇవన్నీ నీవేనా?"

"కాదండి. ఇవి వంకరగా ఉన్నాయనే ఈవిడ నవ్వడం మానేశారనుకున్నాను."

"నవ్వొద్దన్నది నేను. ఇదంతా ప్రయోగం."

అతని చేతిలోని సైకిలు అక్కడే ఆగిపోయింది. "అయితే ఆ ముందు వారం నవ్వు కూడా ప్రయోగమేనాండీ?"

దానికి జవాబు ఉన్నది ఒక్క ఛాయ దగ్గరే. ఆమె నోటుబుక్కు మూసింది.

"మొదటిరోజు ప్రయోగమే. రెండోరోజు నుంచి కాదు. మీరు విజయనగరం వెళ్లొద్దు."

మేడం ఎర్ర పెన్ను తీసి పదిహేడో నంబరు మీద అడ్డంగా గీత కొట్టారు.

"పనికిరాని డేటా. ఇతన్ని చూసి నువ్వు నవ్వినా ఏడ్చినా ఇక నా పరిశోధనకు సంబంధం లేదు. మూడో వారం మాత్రం మళ్లీ మొదటి నుంచి చెయ్యాలి, తల్లీ."

ఛాయ నాలుగు రోజుల బాకీ కలిపి నవ్వింది. అతను టికెట్ రద్దు చేయించడానికి ఆ వానలోనే దుర్గ్ స్టేషన్‌కి సైకిలు తొక్కుకుంటూ పోయాడు.

శుక్రవారం రైలు అతను లేకుండానే వెళ్లింది. అతను ఎప్పటికన్నా ముందే లైబ్రరీకొచ్చి, ఆమెను చూసిన హడావిడిలో సైకిలును గీతకు బారెడు దూరాన అడ్డంగా వదిలేశాడు.

ఛాయ నవ్వింది. థాంక్యూ కూడా చెప్పింది.