రెప్పపాటు చూసిన పేజీ

రైలు సొరంగంలోకి దూరింది.

బోగీలో చిమ్మచీకటి! పిల్లలు సరదాగా కేకలు పెడుతున్నారు. కిటికీ పక్కన కూర్చున్న కనక చున్నీని గట్టిగా పట్టుకుంది.

మెడ మీద ఎవరిదో ఊపిరి... బీడీ కంపు...

"అరకులో గది దొరికినట్టుందే గుంటా? గెస్ట్‌హౌస్ బాగుందా?"



వెలుతురు వచ్చింది. గిరుక్కున తిరిగి చూసింది. వెనక సీటు ఖాళీ! ఎర్ర టోపీ వాడొకడు తీరిగ్గా తలుపు వైపు నడుస్తున్నాడు.

బొర్రా స్టేషన్.

రైలు ఇంకా ఆగలేదు. రెండో తలుపులోంచి దూకేసింది! గుహలు చూడ్డానికి దిగిన జనంలో కలిసిపోయింది. స్టేషన్ బయట అరకు జీపు కదలబోతోంది. ఎగిరి ఎక్కేసింది.

వాడికెలా తెలిసింది?

పాడేరులో వరహాలరావు ఇంటర్నెట్ సెంటర్‌లో పనిచేసేది కనక. పైకి ఇంటర్నెట్... వెనక గదిలో గంజాయి మూటలు. ఆ మూటల దగ్గరే జీపు డ్రైవర్ మంగ్లుని వరహాలరావు కాల్చేశాడు. చూసింది కనక ఒక్కతే.

ఆ క్షణమే పారిపోయింది. విశాఖపట్నంలో ఓ హాస్టల్లో దాక్కుంది. పాడేరు ఎస్సై ఫల్గుణకి ఫోన్ చేసి జరిగింది చెప్పింది. నిన్న గేటు దగ్గర ఎవడో తచ్చాడుతుంటే భయపడి, పొద్దున్నే రైలెక్కింది.

ఎర్ర టోపీ వాడు వరహాలరావు మనిషే అయ్యుండాలి. కానీ గది సంగతి తను ఎవరికీ చెప్పలేదు. నెట్‌లో చూసింది... అంతే.

నెట్‌లో చూసింది!



అరకులో దిగుతూనే కనిపించిన మొదటి ఇంటర్నెట్ బోర్డు కింద దూరింది.

"బేగి ఓ సిస్టం ఇయ్యి బాబూ!"

 పాస్‌వర్డ్ రెండుసార్లు తప్పు కొట్టింది.

మనం ఏం చూస్తున్నామో కంపెనీలు రాసుకుని అమ్ముకుంటున్నాయని హైదరాబాద్ ట్రైనింగ్‌లో విన్నది. మన చూపు మన సొత్తు, దాని లెక్క మన దగ్గరే ఉండాలన్నారు. ఆ మాట కనకకి తెగ నచ్చింది. అందుకే ఓ రికార్డర్ ప్రోగ్రామ్ పెట్టుకుంది. ఏ పేజీ చూసింది, ఎప్పుడు, ఎంతసేపు... అన్నీ తన అకౌంట్‌లో చేరతాయి. ముందు షాపు కంప్యూటర్‌లో వేసింది. హాస్టల్‌కి వెళ్లాక పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని, ఏ నెట్ సెంటర్‌లో కూర్చున్నా దాన్నే వాడింది.

అకౌంట్ తెరుచుకుంది.

రైలు టైములు... గెస్ట్‌హౌస్... ఇవి తను చూసినవే.

వాటి పైన?

ఇవాళ పొద్దుటివి. తను రైల్లో ఉన్నప్పటివి. తను చూడనివి!

కనక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఆ రోజు పారిపోయేటప్పుడు షాపు కంప్యూటర్‌లో తన అకౌంట్ మూయలేదు! అక్కడ కూర్చుని ఎవరో తను చూసినవన్నీ చూస్తున్నారు. చూస్తున్నది ఎవరో రికార్డర్‌కి తెలియదు కదా... ఆ చూపుని కూడా కనక లెక్కలోనే రాసేస్తోంది!

అన్నిటికంటే పైన ఒక పేజీ. పెదబయలు ఆసుపత్రి. నర్సు దేముడమ్మ, ఫోన్ నంబర్.

అప్ప! తన సొంత అక్క!

మొన్న ఆ పేజీ తెరిచింది. అక్కతో మాట్లాడాలని ప్రాణం కొట్టుకుంది. భయమేసి వెంటనే మూసేసింది. చూసింది రెప్పపాటు.

వరహాలరావు గంట నుంచి చూస్తున్నాడు. ఇంకా చూస్తూనే ఉన్నాడు!

పక్కనున్న ఎస్టీడీ బూత్‌లోకి ఉరికింది. ఆసుపత్రి ఫోన్ పలకలేదు. పాడేరు ఎస్సై ఫల్గుణకి చేసింది.

"సార్! ఆడు పాడేరులోనే ఉన్నాడు సార్! తన షాపులోనే! మా అప్ప పేజీయే సూత్తన్నాడు!"

"ఒరిస్సా పారిపోయాడనుకున్నామే! నేను షాపుకెళ్తన్నాను. నువ్వు అక్కడే ఉండమ్మా. కదలకు!"

అక్కడే ఉండటమా? అక్కని వదిలేసా?

కనక పెదబయలు జీపెక్కింది.

మలుపు... మలుపు... పొగమంచు! ఎదురొచ్చే ప్రతి బండిలోనూ ఎర్ర టోపీ ఉన్నట్టే ఉంది. వెనక కూర్చున్నవాడు దగ్గినా ఉలిక్కిపడుతోంది. అక్కకేమైనా అయ్యుంటే... అయ్యుంటే!

చీకటి పడుతుండగా ఆసుపత్రి ముందు దిగింది. వరండాలోకి పరిగెత్తింది.

దేముడమ్మ మందుల ట్రే సర్దుకుంటోంది. నిక్షేపంగా ఉంది!

"ఏటే కనకా! సెప్పాపెట్టకుండా వొచ్చినావు? మొకమేటి అలగుంది?"

"అప్పా! ఎవులైనా వొచ్చినారా నీకోసం?"

"నాకోసం ఎవులొత్తారే? ఈ ముసిలోడొక్కడే. సలిజొరమట. సాయంత్రం కాడ్నుంచి అలా వణుకుతానే ఉన్నాడు పాపం."

బెంచీ మీద ఎవరో... తల మీంచి దుప్పటి ముసుగు.

వణుకు ఆగింది.

దుప్పటి జారింది.

వరహాలరావు!

చేతిలో పిస్టల్!

కనక అక్కకి అడ్డంగా జరిగింది. 

"ఇంతసేపా గుంటా? నేను సూసింది నీ లెక్కలో పడతాదని నాకు తెల్దనుకున్నావా? అందుకే రైల్లో నా మనిషి సేత గది మాట ఇనిపించి, మీ అప్ప పేజీ తెరిసెట్టి, కుర్సీ ఒగ్గేసి వొచ్చినాను. పోలీసోళ్లు పాడేరులో ఎతుక్కుంటారు. నువ్వేమో నా దగ్గిరికొత్తావు."

నవ్వాడు.

అంటే... వాడు చూడనే లేదు! ఇంతసేపూ చూసింది ఖాళీ కుర్చీ!

"అప్పని ఒగ్గేయ్..." అంది కనక.

"సూసినోళ్లని ఒగ్గేత్తే ఎలాగే?"

పిస్టల్ లేచింది. అక్క గోళ్లు కనక భుజంలో దిగాయి. కళ్లు మూసుకుంది.

ఢాం!

నొప్పి లేదు...

ఏదో ఇనుము గచ్చు మీద పడి దొర్లింది. కళ్లు తెరిచింది. వరహాలరావు మోచెయ్యి పట్టుకుని మోకాళ్ల మీద కూలి ఉన్నాడు. వేళ్ల సందుల్లోంచి నెత్తురు!

వరండా మెట్ల మీద ఎస్సై ఫల్గుణ. రొప్పుతున్నాడు. రివాల్వర్ ఇంకా దించలేదు.

"ఖాళీ కుర్సీ నేనూ సూసినాన్రా! దాని ఎదురుగా కంప్యూటర్ తెర మీద ఈ ఆసుపత్రి పేరూ సదివినాను!"