కమిలి చెప్పని అంకెలు

జ్యోత్స్న పెట్టెతో సహా తండాకు తిరిగి వచ్చేసింది. పండగా కాదు, సెలవులూ కాదు. పత్తి చేను నుంచి అప్పుడే వచ్చిన కమిలి గడపలో ఆ పెట్టెను చూసి, కూతురికి జ్వరమేమోనని గబగబా లోపలికి వెళ్లి నుదురు తాకింది. చల్లగానే ఉంది.

"యాడీ, ఇంక నేను కాలేజీకి పోను," అంది జ్యోత్స్న, తల్లి ముఖంలోకి చూడకుండా.

"ఎందుకే? ఎవరన్నా ఏమన్నా అన్నరా?"

"ఎవ్వరేమనలే. స్కాలర్‌షిప్ ఆగిపోయింది."

కమిలి భర్త రామ్‌సింగ్ పోయి ఆరేళ్లు. ఆ తండా నుంచి ఇంజనీరింగ్‌కు వెళ్లిన మొదటి ఆడపిల్ల జ్యోత్స్న. తండాల్లో, అడవి పల్లెల్లో పుట్టి సాంకేతిక చదువుకు వెళ్లే ఆడపిల్లల కోసం ఖమ్మంలో ఒక ట్రస్టు ఉంది. ఫీజు, హాస్టలు, వెనకబడిన పాఠాలకు సాయంత్రం క్లాసులు అన్నీ వాళ్లే చూసుకుంటున్నారు. ఆ ఆసరా మీదే కమిలి రెండేళ్లుగా ఒంటరి ఇంట్లో, ఒక్కదానికే వండుకుని, ఒక్కతే తింటూ కాలం వెళ్లదీసింది...

మరిది మంగీలాల్ వచ్చి గుచ్చి గుచ్చి అడిగితే గానీ విషయం బయటపడలేదు. ఏటేటా ఆన్‌లైన్లో స్కాలర్‌షిప్‌ను పొడిగించుకోవాలి. అప్పుడు ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్‌కు ఓటీపీ వస్తుంది. ఆ ఆరు అంకెలు కొడితేనే పని పూర్తవుతుంది. ఆఖరి రోజు మంగళవారం, సాయంత్రం అయిదింటి వరకే గడువు.

"మంగళవారమా?" అంది కమిలి. "ఆ పొద్దే ఎవరో దొంగది, అచ్చం నీ గొంతు పెట్టి..."

"అది నేనే యాడీ. నా ఫోన్ నీళ్లల్ల పడితే, మా హాస్టల్ పిల్ల శ్రావణి ఫోన్ నుంచి చేసిన."

ఆ రోజు ఏడుస్తున్న ఆ గొంతు విని కమిలి గుండె కరిగిన మాట నిజమే. కానీ దసరాకు వచ్చినప్పుడు కూతురే పక్కన కూర్చోబెట్టుకుని మరీ నేర్పింది. 'ఓటీపీ బ్యాంకోళ్లన్నా చెప్పకు, ఆఫీసోళ్లన్నా చెప్పకు. ఆఖరికి నా గొంతుతోని అడిగినా చెప్పకు. గొంతులు గూడ దొంగతనం చేస్తున్నరు' అని. అక్షరాలు రాకపోయినా అంకెలు వచ్చిన కమిలి ఆ ఆరింటినీ గుండెలో దాచుకుంది. "నా బిడ్డ నాకు అన్నీ నేర్పిందిలేవే!" అని కసిరి, సాయంత్రం దాకా ఫోన్ ఆపేసింది. నీళ్ల ట్యాంకు దగ్గర అందరికీ గొప్పగా చెప్పుకుంది కూడా.

"ఓటీపీ కాపాడినవ్ వదినా. పిల్ల చదువు పోగొట్టినవ్," అన్నాడు మంగీలాల్.

"యాడిని ఏమనకు బాబాయ్. నేర్పింది నేనే గదా," అంది జ్యోత్స్న.

కూతురు తిట్టి ఉంటే బాగుండేది! ఆ తర్వాత మూడు రోజులు ఒకే కప్పు కింద ఇద్దరూ ఉన్నారు. జ్యోత్స్న పొద్దున్నే సంచి కట్టుకుని పత్తి ఏరడానికి వచ్చేది. పుస్తకాల పెట్టె తెరవలేదు. అడిగిన దానికి జవాబిచ్చేది, అడగనిది ఒక్క మాటా మాట్లాడేది కాదు. కూతురు హాస్టల్లో ఉన్నప్పటి ఒంటరితనం నయమనిపించింది కమిలికి. ఎదురుగా ఉన్న బిడ్డ కోసం ఎదురుచూడటం ఎంత కష్టమో ఆ మూడు రోజుల్లో తెలిసొచ్చింది...

నాలుగో రోజు చేనుకు వెళ్తున్నానని చెప్పి కమిలి బస్సెక్కింది. ఖమ్మంలో దిగి, అడుగుతూ అడుగుతూ ఖానాపురం హవేలిలోని ట్రస్టు ఆఫీసు చేరింది. అక్కడ పిల్లల బాగోగులు చూసే ప్రసూన ఆమెను కూర్చోబెట్టి, ఫైలులోంచి ఒక కాగితం తీసింది.

"మీ అమ్మాయే రాసిచ్చిందమ్మా. చదువు మీద మనసు లేదు, కావాలనే పొడిగించుకోలేదు అని. గడువు దాటినా పది రోజుల్లో ఇంటి పెద్ద వచ్చి కారణం చెప్తే మళ్లీ ఇస్తమని చెప్పిన. మా అమ్మను పిలవకండి మేడం అని ఏడ్చింది."

కమిలి ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకుంది. చదవలేకపోయినా అది తన బిడ్డ రాతేనని తెలుస్తోంది. పదిమందిలో తల్లి నవ్వులపాలు కాకూడదని ఇరవై ఏళ్ల పిల్ల తన చదువునే వద్దనుకుంది!

"అబద్ధం రాసింది మేడం. తప్పు నాది. గొంతు గుర్తుపట్టి గూడ దొంగ అనుకున్న. ఎవరు నవ్వినా సరే, గట్లనే రాయుండ్రి. వేలిముద్ర ఏస్త."

ప్రసూన నవ్వలేదు. రాసి, చదివి వినిపించి, వేలిముద్ర వేయించుకుంది. ఆ తర్వాత, "మళ్లీ గిట్ల కాకుండా జ్యోత్స్న నంబరే పెడదామా? కంప్యూటర్ల ఒక్క నంబరే పడతది. అయితే రోజూ పదింటికి హాజరు మెసేజ్ ఇంక మీకు రాదు," అంది.

కమిలి వెంటనే జవాబివ్వలేకపోయింది. రోజూ చేనులో ఉండగా ఆ మెసేజ్ వచ్చేది. చదవరాదు. అయినా ఆ చిన్న చప్పుడు వినగానే, నా బిడ్డ క్లాసులో కూర్చుందని నడుము నిటారుగా చేసుకుని నవ్వుకునేది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. రోజంతటిలో తనను పలకరించేది అదొక్కటే...

"నాది తీసెయ్యుండ్రి మేడం," అంది.

స్కాలర్‌షిప్ మళ్లీ వచ్చింది. సోమవారం పొద్దున కాలేజీకి తిరిగి వెళ్తూ, బస్సు దగ్గర జ్యోత్స్న తల్లి చేయి వదల్లేదు.

"మెసేజ్ రాదంటే జరసేపు మాట్లాడలేదంటగా. మేడం ఫోన్‌ల చెప్పింది. నాకెప్పుడూ ఎందుకు చెప్పలే యాడీ?"

"చెప్తే నవ్వుతవని."

జ్యోత్స్న నవ్వలేదు. నడిరోడ్డు మీద తల్లిని పట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చింది. కండక్టరు రెండుసార్లు విజిల్ వేశాడు. బస్సు కదిలి, టేకు చెట్ల మధ్య మలుపు తిరిగింది.

ఆ రోజు కమిలి చేనులో పత్తి ఏరుతూనే ఉంది. ఎండ నెత్తిమీదికి వచ్చాక, పది ఎప్పుడో దాటి ఉంటుందని తట్టింది. ఏ చప్పుడూ లేదు. చుట్టూ పత్తి, అవతల అడవి. నడుము నిటారుగా చేసి ఒక్క క్షణం నిలబడి, "కూసునే ఉంటదిలే," అని తనకు తానే చెప్పుకుని, మళ్లీ వంగింది.