మే నెలలో ఊలు గ్లౌజులు

కోల్డ్ స్టోరేజీ తలుపు తెరుచుకోగానే చల్లగాలి తెల్లటి పొగలా బయటికొచ్చింది. బయట గుంటూరు మే ఎండ. ఆ పొగలోంచి ఒకమ్మాయి నడిచొచ్చింది. చున్నీ నిండా మిరప దుమ్ము, దోసిట్లో శాంపిల్ కాయలు. మబ్బులోంచి దిగినట్టుందే అనుకున్నాడు సూపర్‌వైజర్ మార్క్.

మరుక్షణం ఆ కాయలన్నీ అతని బూట్ల మీద పడ్డాయి.

"కొంచెం పక్కకి జరగొచ్చుగా!"

"పారబోసింది మీరు, జరగాల్సింది నేనాండీ?"

ఆమె పేరు షారోన్. ఎక్స్‌పోర్ట్ కంపెనీ తరఫున కాయ నాణ్యత చూడ్డానికి కొత్తగా వచ్చింది. ఎండ తగిలేసరికి వేళ్లు ఎర్రబడి, ఉబ్బి, మండుతున్నాయి. మార్క్ చూశాడు. మిరప మంటే! అక్కడ ఎవరి చేతులు మండినా వైద్యం ఒకటే. పరుగున వెళ్లి ఐసు వేసిన మజ్జిగ చెంబు తెచ్చి, ఆమె చెయ్యి అందులో ముంచేశాడు.

"వద్దూ!"

ఆలస్యమైపోయింది. చెంబులోంచి తీసేసరికి వేళ్లు సుద్దముక్కల్లా ఉన్నాయి. చూస్తుండగానే నీలంగా మారాయి.

"ఏం చేశారో తెలుసా? చలి తగిలితే నా వేళ్లు చచ్చిపోతాయి!"

"మజ్జిగేగదండీ..." అన్నాడు మార్క్, చెంబు వెనక్కి దాచుకుంటూ.

ఆమె కన్నీళ్లతో వెళ్లిపోయింది. మళ్లీ పనిలోకి రాలేదు.

ఆదివారం చర్చిలో కనిపించింది. ఆరాధన అయ్యాక అందరూ చేతులు కలిపి వందనాలు చెప్పుకుంటున్నారు. షారోన్ మాత్రం చేతులు చున్నీలో దాచుకుంది. మార్క్ తల్లి ఎలీసమ్మ మూతి తిప్పింది. "చెయ్యి కలిపితే అరిగిపోద్దా? ఎంత పొగరో!"

"పొగరు కాదమ్మా, నెప్పి," అంటూ మార్క్ గేటు దాటుతున్న షారోన్ దగ్గరికి పరిగెత్తాడు.

"డాక్టరుకి చూపించారా?"

"చర్మం డాక్టరు మిరప ఎలర్జీ అన్నారు. ఎముకల డాక్టరు ఎముకలు భేషన్నారు. ఇంకెవరున్నారు, పశువుల డాక్టరా?"

"రుమటాలజిస్ట్."

"అదేదో పూలమొక్క పేరులా ఉంది."

"కీళ్లు, చర్మం, రక్తనాళాలు... ఒంటిని కాపాడాల్సిన శక్తే ఒంటిమీద తిరగబడితే వాళ్లే చూస్తారట. డాక్టర్ ఖుర్షిదా గారని, శనివారాలు హైదరాబాదు నుంచి వస్తారు. ఊరంతా అడిగి కనుక్కున్నాను."

"నాకోసమా?"

"ఆ మజ్జిగ పాపం కడుక్కుందామని."

ఆమెకు నవ్వొచ్చింది. ఆ నవ్వుకి మార్క్ సైకిల్ తాళం ఎక్కడ పెట్టాడో మర్చిపోయాడు.

శనివారం డాక్టరు ఆమె గోళ్ల మొదళ్లను భూతద్దంతో చాలాసేపు చూసింది. "తెలుపు, నీలం, ఎరుపు. మూడు రంగులూ దగ్గరుండి చూసిందెవరు?"

మార్క్ బళ్లో పిల్లాడిలా చెయ్యెత్తాడు.

పరీక్షల ఫలితాలొచ్చాక ఆవిడ నెమ్మదిగా చెప్పింది. "స్క్లీరోడెర్మా. చర్మం బిగుసుకుపోయే జబ్బు. చాలా అరుదు. పూర్తిగా పోదమ్మా. కానీ తొలిదశలోనే దొరికింది. మందులు మానకు, చలికి దూరంగా ఉండు, నన్ను వదలకు. నీ వేళ్లను కాపాడుకుందాం."

ఆసుపత్రి మెట్లు దిగుతూ షారోన్ ఆగింది. "విన్నారుగా, పోని జబ్బు. ఇక మీ దారిన మీరు వెళ్లండి."

"నా దారిలో ఓ కొట్టుంది. ఊలు గ్లౌజులు కొనాలి."

"మే నెల్లో, గుంటూర్లోనా!"

"నిన్న పట్నం బజారంతా తిరిగాను, దొరకలేదు. ఒకాయన ఎండదెబ్బ తగిలిందనుకుని కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాడు."

ఆమె నవ్వబోయి ఏడ్చింది. "జాలి చూపించకండి మార్క్."

"జాలైతే ఒక్క కొట్టుతో ఆగిపోయేవాణ్ణి. షారోన్, మీరంటే నాకిష్టం."

ఆమె చేతులు చున్నీలో చుట్టుకుని గబగబా మిగతా మెట్లు దిగిపోయింది.

మళ్లీ ఆదివారం తొలకరి పడింది. చర్చి కిటికీల్లోంచి చల్లటి జల్లు. షారోన్ చేతులు చున్నీలోకి లాక్కుంది. ఎలీసమ్మ తిన్నగా ఆమె దగ్గరికొచ్చి, సంచీలోంచి మిరపపండు రంగు గ్లౌజులు తీసింది.

"కొట్లో దొరకలేదని మావాడు నా ప్రాణం తీస్తే నేనే అల్లాను. ఒక వేలు పొడుగొచ్చింది, సర్దుకో తల్లీ. తెలీక ఏదో అనేశాను."

తానే తొడిగి, ఆ రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది. "వందనాలమ్మా."

షారోన్ కళ్లు తుడుచుకుని మార్క్ వైపు తిరిగింది. పొడుగు వేలు వేలాడుతున్న చేతిని ముందుకు చాచింది.

"మజ్జిగ తేలేదుగా?"

"లేదు."

"అయితే పట్టుకోండి. వదలకూడదు మరి."

బయట వాన మిరపకాయల ఘాటునంతా కడిగేస్తోంది. ఎర్రటి ఊలు లోపల ఆమె వేళ్లు మెల్లగా వెచ్చబడ్డాయి.