ఇద్దరూ కణేకల్ వాళ్లే

"మెల్లగా తిప్పు! ఒక్క పేజీ చినిగినా నీతో మాట్లాడను," అంది సారా.

గుంతకల్లులో మా చర్చి ఆఫీసు గది. ముందర వందేళ్లనాటి బాప్తిస్మం రిజిస్టరు. ఎదురుగా సారా వాళ్ల నాయన ఓబుళేసు, రైల్వేలో టికెట్లు తనిఖీ చేసి రిటైరైన మనిషి. నన్ను కూడా టికెట్ లేకుండా ఎక్కినవాణ్ణి చూసినట్టే చూస్తున్నాడు.

మా ప్రేమకు అడ్డం ఒక్కటే. ఇద్దరి ఇంటిపేరూ కణేకల్. ఒకే ఇంటిపేరంటే అన్నాచెల్లెళ్ల వరుస. ఆ వరుస కాదని రిజిస్టరులో చూపిస్తే సరే, లేకపోతే ఈ మధ్యాహ్నమే ఆదోని సంబంధానికి మాట ఇచ్చేస్తానన్నాడు ఆయన.

"ఏమప్పా అభిలాష్, యాడుండాది? ఆదోనోళ్లు కాసుకోనుండారు."

"ఈడే ఉంటాది సార్."

ఉంది. 1911లో మా ముత్తాత ఎర్రప్ప, కణేకల్. ఆ కిందనే సారా వాళ్ల ముత్తాత తిమ్మప్ప, కణేకల్. ఒకే రోజు బాప్తిస్మం.

"చూసినావా? ఇద్దరూ ఒక ఇంటోళ్లే. లెయ్ సారా, పోదాం."

"ఉండు నాయనా! ఆ పొద్దు పద్నాలుగు మందికి ఇట్లే రాసినారు. కరువుకు కణేకల్ నుంచి వచ్చినోళ్లందరికీ పాస్టరు ఊరిపేరే ఇంటిపేరు చేసినాడు."

"అది నువ్వనుకునేది. నాకు రాత కావల్ల."

సారా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈ పిల్ల లేని బతుకు నాకొద్దు. ఆ పద్నాలుగు మందిలో ఎవరైనా ఒకరినొకరు పెళ్లాడి ఉంటే, అందరూ ఒక ఇల్లు కాదని రాత దొరికినట్టే. పక్కనున్న పెళ్లిళ్ల రిజిస్టరు లాక్కున్నాను. 1912లో ఏమీ లేదు. 1913లోనూ లేదు. ఆయన చెప్పులేసుకుంటున్నాడు.

1914.

"సార్, ఇది చదవండి."

ఓబుళేసు విసుగ్గా కళ్లజోడు పెట్టుకున్నాడు. "వరుడు, కణేకల్ తిమ్మప్ప. వధువు, కణేకల్ ఎర్రప్ప చెల్లెలు..." కళ్లజోడు పైకి తోసుకున్నాడు. "అక్కమ్మ. మా అవ్వ! నన్ను సంకనేసుకోని పెంచింది. పుట్టిల్లు యాడని నేనెప్పుడూ అడగనే లేదు."

"మా ఇల్లే సార్," అన్నాను.

ఆయన ఆ పేరు మీద వేలు పెట్టి మళ్లీ చదువుకున్నాడు. సారా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఓబుళేసు ఫోన్ తీసి ఆదోనికి కలిపాడు.

"ఏమనుకోవద్దన్నా. మా పిల్లకు మేనరికం ఉండాది."