అట్ట కింద అబ్బాయి

మా ఇంట్లోంచి నన్ను తీసేసింది మా అన్న. ఇందులో వాదించడానికేమీ లేదు. బొమ్మ అంచున పెన్సిలుతో గుర్తు పెట్టి మరీ తీసేశాడు.

అప్పుడు నేను ఫ్రేముల షాపులో పనిచేసేవాణ్ణి. చెక్క కోసి, మూలలు కలిపి, మేకులు కొట్టడం నా పని. గ్లాసు కోయడం, బొమ్మ చుట్టూ వచ్చే తెల్లట్ట కోయడం నాతోపాటు అక్కడే పనిచేసే ఒకమ్మాయి పని. ఆ అట్టని మౌంటు అంటారు. అది ఎంతవరకు రావాలో బొమ్మ వేసినవాడే అంచుల్లో గుర్తులు పెట్టి ఇస్తాడు. గుర్తుకి అవతల ఉన్నది ఏదైనా అట్ట కిందకి పోవలసిందే.

ఆమెకి నాతో ఒక ఆట ఉండేది. నేను పెదాల మధ్య మేకులు పెట్టుకునేదాకా ఆగి, అప్పుడు ఏదో ఒకటి అడిగేది. జవాబు రాకపోతే, మింగేశారా ఏమిటని వాకబు చేసేది. నాకు ఒళ్ళు మండేది. ఏ రోజైనా అడగకపోతే ఇంకా మండేది.

ఒక వానరోజు మా అన్న తను వేసిన బొమ్మని ప్లాస్టిక్ గొట్టంలో పెట్టుకుని వచ్చాడు. ఆమె బల్ల మీద పరిచింది.

మేము పెరిగిన ఇల్లు. ముందు గది. కుట్టు మిషను దగ్గర అమ్మ. కిటికీ పక్కన బొమ్మలు గీసుకుంటూ పెద్దబ్బాయి. ఎడమ అంచున, కారే కప్పు కింద గిన్నె పట్టుకుని చిన్నబ్బాయి. ఆ చిన్నబ్బాయి నేనే.

మిషను నూనె వాసన ముక్కుకి తగిలినట్టయింది. వాన పడితే ఆ గదిలో పరుగెత్తి గిన్నెలు పెట్టేది నేను. అన్న చెయ్యి పాడవుతుందని అమ్మ వాడిచేత గిన్నె కూడా ఎత్తించేది కాదు. రాత్రి నిండిన గిన్నెలు పారబొయ్యడానికి లేచేదీ నేనే. వాడు దుప్పటి లాక్కుని అటు తిరిగేవాడు.

పెన్సిలు గుర్తు చిన్నబ్బాయికి ఇవతల ఉంది.

"అటువైపు బరువెక్కువైంది. మూసేస్తే బొమ్మ కుదురుతుంది," అన్నాడు ఆమెతో. నా వైపు చూడనైనా లేదు.

ఆ తర్వాత ఫ్రేము అయిందా అంటూ ప్రతి సాయంత్రం వచ్చేవాడు. ఆమెని గ్లాసు మేడమ్ అని పిలిచేవాడు. ఆమె నవ్వేది. ఆవిరి పట్టిన గ్లాసు మీద ఒకసారి వేలితో పిట్టని గీశాడు. ఆమె దాన్ని వెంటనే తుడవలేదు. నేను గమనించాను.

అదే రోజుల్లో ఆమె మా ఇంటి గురించి అడగడం మొదలుపెట్టింది. కప్పు ఎక్కడెక్కడ కారేది, ఎవరు ఎక్కడ పడుకునేవారు, అమ్మ ఎవరి బట్టలు కుట్టేది. అన్న గురించి ఆరా తీస్తోందని నాకు అర్థమైంది. అయినా చెప్పాను. చెబుతున్నంతసేపూ నా పక్కన కూర్చునేది కదా.

బొమ్మ మాత్రం బల్ల మీదే ఉండిపోయింది. యజమాని ఇద్దరినీ తిట్టాడు.

"మౌంటు ఎందుకు కోయడం లేదు?" అన్నాను.

"బ్లేడు మొద్దుబారింది."

"నిన్ననేగా మార్చారు."

"అయితే చెయ్యి మొద్దుబారింది."

"మా అన్న రోజూ రావాలనేగా?"

ఆమె స్కేలు కింద పెట్టింది. "మీ నోట్లో మేకులుంటేనే నయం," అంది. ఆ పూట ఇక నా వైపు చూడలేదు.

మర్నాడు అన్న వచ్చేసరికి ఫ్రేము తయారుగా ఉంది. చూడగానే వాడి మొహం మారింది. మూడు వైపులా మౌంటు వెడల్పుగా ఉంది. ఎడమవైపు మాత్రం దారమంత సన్నం. చిన్నబ్బాయి గిన్నెతో సహా నిండుగా నిలబడి ఉన్నాడు.

"గుర్తు చూసుకోలేదా?" అన్నాడు అన్న.

"చూశాను. నేను చేసుకోబోయే మనిషిని అట్ట కింద పెట్టి మూయలేను, బావగారూ."

నన్నెవరూ అడగలేదు. అడిగినా నా నోట్లో మేకులున్నాయి. వాటిని చేతిలోకి ఉమ్మి, తల ఊపాను. మా పెళ్ళిమాటలు అంతే.

అన్న నా వైపు తిరిగాడు. "అదృష్టవంతుడివిరా," అన్నాడు. బొమ్మ తీసుకుని వానలోనే వెళ్ళిపోయాడు. వేరే షాపులో తన గుర్తు ప్రకారమే మౌంటు వేయించుకున్నాడని తర్వాత తెలిసింది. పోనివ్వండి, ఇక్కడ మనకొక ఇల్లుంది కదా అనేది ఆమె. నేను పోనివ్వలేదు.

చాలా ఏళ్ళకి, ఆమె చనిపోయిన తర్వాత, అన్న మా ఇంటికి వచ్చాడు. ఆమె ఫోటో ఒకటి ఇమ్మన్నాడు, బొమ్మ వేస్తానని.

"నీకెందుకు?" అన్నాను.

"మర్చిపోలేదురా. ఆ షాపులో చూసినప్పటి నుంచీ."

ఆ సాయంత్రాలన్నీ వాడు ఫ్రేము కోసం రాలేదన్నమాట. ఆమెకి తెలుసా అని అడగాలనిపించింది. తెలుసంటే ఏం చెయ్యను? లేచి తలుపు తీసి పట్టుకున్నాను. వాడు వెళ్ళాడు. ఫోటో ఇవ్వలేదు.

ఈ సంగతి ఇంతటితో సరి. ఇక ఎవరడిగినా, వాడే వచ్చి అడిగినా, నా నోటి వెంట రాదు.