చుట్టిన చొక్కాల పెట్టె

ఉదయం తొమ్మిదింపావు. చెక్-ఇన్ కౌంటర్ల కింద, నేలమాళిగలో, లగేజి స్క్రీనింగ్ గది. మూడు వందల పన్నెండో సూట్‌కేసు ఎక్స్‌రేలోకి దూరుతుండగా ఏజెంట్ చీమ చెవిలోని వినికిడి మిషన్ గొంతు సవరించుకుంది. అది పైకి వినికిడి మిషన్, లోపల వైర్‌లెస్ సెట్.

"మీ పెద్దమ్మ మోకాళ్లెలా ఉన్నాయి?"

"వానలు తగ్గితే గానీ చెప్పలేం."

కోడ్ కుదిరింది. అవతల ఉన్నది చీఫ్. ఆయన అసలు పేరు ఎవరికీ తెలియదు కాబట్టి డిపార్ట్‌మెంటంతా 'బావగారు' అంటుంది. ఆయన కూడా బాధ్యతగా, అందర్నీ పనికిమాలిన బావమరుదుల్లాగే చూస్తాడు.

"చీమా, విను. పదకొండూ నలభై ఫ్లైట్. మన రాడార్ సైంటిస్టు అందులోనే వెళ్తున్నాడు. ఆయన కాక ఇంకో నూట అరవై మూడు మంది. కుబుసం ముఠా బాంబు పెట్టింది."

"ఎక్కడ సార్?"

"అది తెలిస్తే నీతో నాకేం పని? ఎవరిదో ఒక చెక్-ఇన్ పెట్టెలో. పెట్టె గలవాడికే తెలియదు. మెషీన్ కూడా కనిపెట్టలేదు, అలా తయారుచేశారు. ఇక నీ కళ్లే దిక్కు."

"ఫ్లైట్ ఆపేద్దాం సార్."

"ఆపితే ముఠా జారుకుంటుంది. నాకు పెట్టే కావాలి, పెట్టినవాడూ కావాలి. నీకు తోడుగా మనిషిని పంపుతున్నా. రెండేళ్లుగా ముఠాలో మన తరఫున పనిచేస్తోంది. సీతాకోక."

చీమ కుర్చీలో ఇబ్బందిగా కదిలాడు. "సార్, ఆవిడ నా భార్య."

"మాజీ. డ్యూటీలో భార్యలే ఉండరు, మాజీలెక్కడ? ఓవర్."

ఈ ముఠా కోసమే చీమని ఆ కుర్చీలో కూర్చోబెట్టి పదకొండు నెలలైంది. ఆపరేటర్ యూనిఫాం, అతికించిన మీసం, పవర్ లేని కళ్లజోడు, జేబులో డిపార్ట్‌మెంటు పెన్ను. ఆ పెన్నులో కెమెరా ఉంది, మైకు ఉంది, మత్తుమందు సూది ఉంది. ఇంకు మాత్రం లేదు.

పదకొండు నెలల్లో అతనికి మనుషుల మీద మిగిలిన కాస్త గౌరవమూ కరిగిపోయింది. మొహంతో ఎన్ని అబద్ధాలైనా ఆడొచ్చు గానీ, పెట్టెతో ఆడలేం. స్క్రీన్ మీద బట్టలు నారింజ రంగులో, ఇనుము నీలం రంగులో కనిపిస్తాయి. బుద్ధి ఏ రంగూ లేకుండానే కనిపిస్తుంది. మూడు తాళాలు బిగించి, మూడు తాళంచెవులూ అదే పెట్టె పై జేబులో పడేసేవాళ్లు. షాంపూ సీసాని మూత బిగించకుండా సర్టిఫికెట్ల పక్కన పడుకోబెట్టేవాళ్లు. హోటల్ నుంచి ఎనిమిది తువ్వాళ్లు ఎత్తుకొచ్చేవాళ్లు. స్నానమంటే అంత మోజున్న కుటుంబం ఎక్కడా ఉండదు. కొత్త దంపతుల పెట్టెలో ఇద్దరి బట్టలూ కలగలిసిపోయి ఉంటాయి. పదేళ్లయ్యాక మధ్యలో సరిహద్దు రేఖ పడుతుంది. ఇరవయ్యేళ్లయ్యాక రెండు పెట్టెలు.

పదీ ఇరవైకి తలుపు తెరుచుకుంది. ముందు సెంటు వచ్చింది, తర్వాత సీతాకోక వచ్చింది. విమాన కంపెనీ ఆఫీసరు వేషం, ముదురు నీలం కోటు, ఎర్రటి లిప్‌స్టిక్. వేషం ఏదైనా ఆమెకి నప్పుతుంది. భార్య వేషం కూడా తొమ్మిదేళ్లు నప్పింది.

"మీసం మొలిచిందా, అతికిందా?" అంది.

"డిపార్ట్‌మెంటుది. పనయ్యాక తిరిగిచ్చేయాలి."

"నిన్నూ అలాగేగా తిరిగిచ్చాను."

ఆ ముక్కతో కుశలప్రశ్నలు పూర్తయ్యాయి. ఆమె అతని వెనక కుర్చీ లాక్కుని కూర్చుంది. పదకొండూ నలభై ఫ్లైట్ లగేజి రావడం మొదలైంది.

ఆ గదిలో పని పద్ధతి ఒకటే. మెషీన్ 'సరే' అన్న పెట్టెని కూడా ఆపరేటర్ ఆపొచ్చు. కానీ అతనికి పన్నెండు సెకన్లే టైం. ఈలోగా ఎర్ర బటన్ నొక్కకపోతే పెట్టె విమానం దారి పడుతుంది.

"ఇది కాదు. ఇదీ కాదు," అంటోంది సీతాకోక. "ముఠావాళ్లు గట్టి ప్లాస్టిక్ పెట్టెలే వాడతారు. గుడ్డ పెట్టెలు చూస్తూ టైం దండగ చేసుకోకు."

పదకొండు కావస్తుండగా ఒక గోధుమరంగు గుడ్డ పెట్టె వచ్చింది. మెషీన్ పచ్చదీపం వెలిగించింది. పన్నెండు.

చీమ స్క్రీన్ కేసి చూశాడు. ఆరు చొక్కాలు, మడతపెట్టకుండా చుట్టి, వరసగా. ఒక కాలరు లోపల బెల్టు చుట్ట. కుడి బూటులో సాక్సులు, ఎడమ బూటులో మాత్రల అట్ట. కళ్లజోడు డబ్బాలో రేజరు. తొమ్మిది.

చేతిరాతని గుర్తుపట్టినట్టే అతను ఆ సర్దడాన్ని గుర్తుపట్టాడు. తొమ్మిదేళ్లు ఏ ఊరి హోటల్లో ఆమె సర్దిన పెట్టె తెరిచినా ఇలాగే ఉండేది. ఎవరితోనూ మాట్లాడకూడని ఉద్యోగంలో అతనికి వచ్చిన ఉత్తరాలు ఆ పెట్టెలే.

"వదిలెయ్యవోయ్. ఎవరో పెద్దాయనది," అంది ఆమె. చెయ్యి అతని భుజం మీద పడింది. రెండేళ్ల తర్వాత పడింది. ఏడు.

పెట్టె మూలన నీలంగా ఒక ఇస్త్రీ పెట్టె.

చొక్కాలు చుట్టి సర్దేదే ఇస్త్రీ అక్కర్లేకుండా. పెళ్లయిన మొదటి వారంలోనే ఆమె అతని ఇస్త్రీ పెట్టెని అవతల పారేసింది. "ఇస్త్రీలోనూ స్త్రీ ఉంది, కాస్త దయచూపించు," అని అతను జోకేస్తే ఆమె నవ్వలేదు. ఇప్పుడు అతనికీ నవ్వు రాలేదు. నాలుగు.

పొరపాటయితే బాగుండు అనుకున్నాడు. లోకంలో ఇంకెవరైనా బెల్టుని కాలర్లో చుట్టరా? ఇంకెవరికైనా ఎడమ బూటే మందుల షాపు కాదా? రెండు.

"నా వైపు చూడు," అంది సీతాకోక మెత్తగా.

ఒకటి.

అతను చూడలేదు. నొక్కాడు.

ఎర్రదీపం. పెట్టెల్ని లాగే బెల్టు ఆగింది. నిబంధన ప్రకారం గది తలుపు దానంతటదే బిగుసుకుంది. చీమ చిటుక్కుమంటే వినబడేంత నిశ్శబ్దం. చీమే చిటుక్కుమన్నాడు.

"ఎవరిదా పెట్టె?"

ఆమె హ్యాండ్‌బ్యాగులోంచి లిప్‌స్టిక్ తీసింది. అందులో ఒక గుండు ఉంటుందని ఇద్దరికీ తెలుసు.

"నన్ను కాల్చినా తలుపు రాదు. బయటివాళ్లే తియ్యాలి," అన్నాడు.

ఆమె క్షణం ఆలోచించి లిప్‌స్టిక్ మళ్లీ లోపల పడేసింది. దేన్నీ వృథా చేసే మనిషి కాదు.

"నా భర్తది," అంది. "వయొలిన్ మాస్టారు. పెళ్లయి ఏడాది. కచేరీకి వెళ్తున్నాడు. ఈ ఫ్లైటే ఎక్కమన్నాను, ఎక్కాడు. పెట్టె నేనే సర్దుతానంటే కళ్లనీళ్లు పెట్టుకున్నాడు, పిచ్చి మనిషి. కౌంటర్లో 'పెట్టె మీరే సర్దుకున్నారా' అని అడుగుతారుగా? ఏ మొగుడూ 'మా ఆవిడ సర్దింది' అని ఒప్పుకోడు. గుండె మీద చెయ్యేసుకుని 'నేనే' అంటాడు. మా ముఠా బతికేది ఆ ఒక్క మాట మీదే."

"ఇక్కడ కూర్చున్నది నేనని తెలుసు కదా. తెలిసీ నీ పద్ధతిలోనే సర్దావా?"

"చేతికి అలవాటైపోయింది. అయినా భయపడలేదు. తొమ్మిదేళ్లు సర్దాను, ఒక్కసారైనా 'బాగా సర్దావు' అన్నావా? చూస్తున్నావని నాకేం తెలుసు?"

చీమ ఆ మాట దాటేసి, తన దగ్గర ఉన్న ప్రశ్న అడిగాడు.

"అప్పుడూ నువ్వు వాళ్ల మనిషివేగా. నా పెట్టెలో ఎప్పుడూ ఎందుకు పెట్టలేదు?"

"ఆర్డరు రాలేదు. అంత పెద్దవాడివి కాదుగా నువ్వు."

అలా అన్నందుకు ఆమెకి చీమ కుట్టినట్టయినా లేదు. కుట్టాల్సిన చీమ మాత్రం ఊరికే ఎదురుగా కూర్చున్నాడు.

చెవిలో బావగారు పలికాడు. "శభాష్! నువ్వు ఆపిన పెట్టె మనవాళ్లు విప్పారు. బాంబు ఇస్త్రీ పెట్టెలోనే ఉందట. గాల్లోకి లేచిన పది నిమిషాలకి పేలేదట. తీసేశారు. ఫ్లైట్ టైముకే పోతుంది, సైంటిస్టు కాఫీ తాగుతున్నాడు. మరి పెట్టినవాడు?"

"పెట్టినవాడు కాదు సార్. పెట్టినావిడ. నా ఎదురుగానే ఉంది."

బావగారు గబుక్కున 'ఓవర్' అనేశాడు. రెండేళ్లుగా ఆమె పంపిన రిపోర్టులన్నీ ఆయనే నమ్మి సంతకం పెట్టాడు.

తలుపు తెరిచి ఆమెని తీసుకెళ్లారు. పోతూ పోతూ ఆమె వెనక్కి తిరిగింది. "ఆయనకి మధ్యాహ్నం మాత్ర వెయ్యాలి. మర్చిపోతాడు," అంది. అది ప్రేమో, వృత్తో, చేతి అలవాటో చీమకి బోధపడలేదు.

వయొలిన్ మాస్టారిని పై అంతస్తులో, కిటికీ లేని చిన్న గదిలో కూర్చోబెట్టారు. బక్కపల్చటి మనిషి. వయొలిన్ పెట్టెని చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకున్నాడు. అతని ఫ్లైట్ అతను లేకుండానే వెళ్లిపోయింది. చీమ మంచినీళ్ల గ్లాసు, మాత్ర ముందు పెట్టాడు.

"నా పెట్టెలో ఏదో ఉండకూడనిది ఉందట కదండీ," అన్నాడు మాస్టారు కంగారుగా. "తప్పు నాదే. నాకు మతిమరుపు. మా ఆవిడకి మాత్రం ఫోన్ చెయ్యకండి, హడలిపోతుంది. చాలా సున్నితమైన మనిషి."

చీమ పక్కకి చూశాడు. చెప్పాల్సిన మాటలన్నీ బావగారు కాగితం మీద రాసిచ్చాడు. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మాత్ర వేసుకోండి ముందు."

మాస్టారు మాత్ర చేతిలోకి తీసుకుని ఆగిపోయాడు. "ఇది మధ్యాహ్నం వేసుకోవాలని మీకెవరు చెప్పారు?"

"మీ ఆవిడ."

"మా ఆవిడ మీకు తెలుసా?" మాస్టారి మొహం విప్పారింది. "బంధువులా? ఏమవుతారండీ మీరు?"

చీమ కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

"మీకు సీనియర్ని, మాస్టారూ."