ఈ ఇల్లు కారుతుందండీ

"బెడ్రూం చాలా పెద్దదండీ. డబుల్ కాట్ వేసినా ఇంకా పిల్లలు పరిగెత్తేంత చోటు మిగులుతుంది," అంటూ బ్రోకరు రెండు చేతులూ బార్లా చాపి చూపించాడు.

గోడ వారన టేపు పరుచుకుని కూర్చున్న అమ్మాయి తలెత్తకుండానే అంది. "డబుల్ కాట్ పడుతుంది. కాకపోతే ఆ తర్వాత తలుపు తెరుచుకోదు."

ఇల్లు కొందామని వచ్చిన భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆలోచించి ఫోన్ చేస్తామన్నారు. అలా అన్నవాళ్ళు ఫోన్ చెయ్యరని బ్రోకరుకి తెలుసు.

వాళ్ళు వెళ్ళగానే అతను ఆమె ముందుకొచ్చి నిలబడ్డాడు. "మేడం, మీరు గది కొలవడానికి వచ్చారా, నా పొట్ట కొట్టడానికి వచ్చారా?"

"గది కొలవడానికే. మీ కోతలు కొలిచే టేపు ఇంకా మార్కెట్లోకి రాలేదు."

ఆమె టేపుని సర్రున లోపలికి లాగి, బ్యాగు భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. అతనికి ఒళ్ళు మండిపోయింది. ఒళ్ళు మండినవాడు మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, పనేమీ లేకపోయినా, ఆమె పనిచేసే ఇంజనీరు ఆఫీసు ముందు అటూ ఇటూ ఎందుకు తిరిగాడో అతన్నే అడగాలి.

ఊరు చిన్నదే. ఊరి చివర ఫ్యాక్టరీ వచ్చాక ఇళ్ళకి మాత్రం పెద్ద ఊరి గిరాకీ వచ్చింది. మేడమీద గది ఖాళీ అయితే చాలు, సాయంత్రానికల్లా ఎవరో ఒకరు సామాను దింపేస్తున్నారు. ఖాళీ ఇళ్ళ తాళాలన్నీ బ్రోకరు దగ్గరే ఉండేవి. తను మాత్రం ఫోటో స్టూడియో వెనక ఒక అద్దె గదిలో కాలక్షేపం చేస్తున్నాడు. ఏ ఇల్లు అమ్మకానికి వచ్చినా ముందు అతను వెళ్ళేవాడు, బ్యాంకు లోను కోసం కొలతలు తియ్యడానికి వెనకాలే ఆమె వచ్చేది. ఇద్దరూ కలిసిన ప్రతిచోటా మాటా మాటా పెరిగేది, ఇరుగుపొరుగు కిటికీలు తెరిచి వినేవారు. రాను రాను అతనికి ఆమె రాని ఇల్లు ఎంత మంచిదైనా చూపించబుద్ధి కాకుండా పోయింది.

బండి అలా నడుస్తుండగా పశువుల డాక్టరు దిగాడు.

పొడుగ్గా ఉంటాడు. నెమ్మదిగా మాట్లాడతాడు. వచ్చిన వారంలోనే ఊళ్ళో కుక్కలన్నీ ఆయన పార్టీలో చేరిపోయాయి. ఆయనకి సొంతానికి ఒక ఇల్లు కావాలి. తనకి ఇళ్ళ సంగతి తెలియదని, ఏ ఇల్లు చూసినా కొలతలమ్మాయి పక్కన ఉండాలని ఇంజనీరుతో ముందే మాట్లాడుకున్నాడు. దాంతో బ్రోకరు తాళాలు తీసుకుని ముందు నడవడం, వెనకాల వాళ్ళిద్దరూ కబుర్లు చెప్పుకుంటూ రావడం మొదలైంది.

మొదటి ఇంట్లో మెట్లు నిట్టనిలువుగా ఉన్నాయి. డాక్టరు పైకి చూసి, "దీన్ని మేక ఎక్కుతుంది గానీ నేనెక్కలేనండీ," అన్నాడు.

ఆమె పగలబడి నవ్వింది.

బ్రోకరు తిరిగి చూశాడు. ఇన్నాళ్ళలో తను ఎన్ని జోకులు వేసినా పెదవి కూడా కదపని మనిషి. మేక పేరెత్తితే ఇంత నవ్వా? ఈయన ఈ ఊళ్ళో ఇల్లు కొనకూడదు, అంతే.

"మెట్లొక్కటే కాదండీ," అన్నాడు గబగబా. "వెనక గోడకి చెమ్మ. రంగు కింద దాచారు. గోరుతో గీకి చూడండి."

డాక్టరు గీకి చూశాడు. గోరు లోపలికి దిగింది.

రెండో ఇంట్లో నీళ్ళు పైకెక్కవని చెప్పాడు. మరో ఇంట్లో పక్కింటాయన గురించి చెప్పాడు. "తెల్లారగానే సంగీత సాధన చేస్తారండీ. ఏళ్ళ తరబడి చేస్తున్నారు. సంగీతం ఇంకా రాలేదు." తాను ఎన్నేళ్ళుగానో కడుపులో దాచుకున్న ఇళ్ళ గుట్లన్నీ ఒక్కొక్కటే బయటపెట్టాడు. ప్రతి ఇంటి దగ్గరా డాక్టరు విసిగి వేసారి పెట్టె సర్దుకుంటాడని ఎదురుచూశాడు.

డాక్టరు విసగలేదు సరికదా, అతని భుజం మీద చెయ్యి వేశాడు. "నేను చాలా ఊళ్ళు తిరిగానండీ. అమ్మే ఇంటి లోపాలు తానే చెప్పే బ్రోకరుని ఎక్కడా చూడలేదు. మీలాంటివాళ్ళు ఉండబట్టే ఈ ఊళ్ళో స్థిరపడాలనిపిస్తోంది."

బ్రోకరు ఆ ఇంటికి తాళం వెయ్యడం మర్చిపోయి వీధిలోకి నడిచాడు.

అంతటితో ఆగిందా? డాక్టరు ఆ మాట ఆసుపత్రికి వచ్చిన ప్రతి మనిషికీ చెప్పాడు. ఆవుకి మందు కోసం వచ్చినవాళ్ళు కూడా ఇల్లు కావాలంటూ బ్రోకరు దగ్గరికి రావడం మొదలుపెట్టారు. గల్లాపెట్టె నిండుతోంది, మనిషి మాత్రం చిక్కిపోతున్నాడు.

ఒకనాడు ఆమె తనంతట తానే అతని దగ్గరికి వచ్చింది. "మీతో ఒక మాట చెప్పాలి. మీరు మునుపటిలా లేరు. కోతలు కొయ్యడం మానేశారు. మీరు నిజం చెబుతుంటే వినడానికి బాగుంది."

అతను గాల్లో తేలిపోయాడు. ఆమె ఇంకో ముక్క కలిపింది.

"డాక్టర్ గారి సావాసం వల్లే అనుకుంటా. ఆయన పక్కనుంటే ఎవరైనా బాగుపడతారు."

తేలినవాడు దబ్బున కింద పడ్డాడు. చివరికి తన మంచితనం కూడా ఆ మహానుభావుడి ఖాతాలోకే పోయింది.

ఆ సాయంత్రం టీ కొట్టాయన గ్లాసు చేతికిస్తూ, "మీకు తెలిసే ఉంటుంది. డాక్టర్ గారు కొలతలమ్మాయిని పెళ్ళికి అడిగారంట. ఆ అమ్మాయి నాన్న, బస్సు డ్రైవరు గారు లేరూ, వాళ్ళింటికే వెళ్ళి ఆయన ఎదురుగానే అడిగారంట. పద్ధతైన మనిషి," అన్నాడు.

"ఆవిడేమంది?" టీ అతని నాలుకని కాల్చింది.

"ఇంకా ఏం చెప్పలేదంట. ముందు ఇల్లు కుదరనీ అనుకుంటుందేమో."

టీ వదిలేసి గదికి పోయి గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇన్నాళ్ళూ డాక్టరు ఊళ్ళో ఉంటాడని భయపడ్డాడు. ఇప్పుడు ఆమె కాపురం పెట్టే ఇంటి తాళం తన చేతుల మీదుగా ఇవ్వాలి. పైగా ఆ పనికి కమిషను కూడా పుచ్చుకోవాలి.

ఇక మిగిలింది రిటైరైన నర్సమ్మ ఇల్లు ఒక్కటే. మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కలేక ఆవిడ చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతోంది. ఆ వీధిలో సగంమంది ఆవిడ చేతుల్లో పుట్టినవాళ్ళే. మంచి మనుషులొస్తేనే ఇల్లు ఇస్తానని ముందే చెప్పింది. బ్రోకరు ముందురోజు వెళ్ళి ఇల్లంతా కలియదిరిగాడు, మేడెక్కి చూశాడు, కుళాయిలు తిప్పాడు. వెతికి వెతికి అలిసిపోయాడు గానీ ఆ ఇంటికి వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు.

మర్నాడు ముగ్గురూ వెళ్ళేసరికి మబ్బు కమ్ముకుంది. ఆమె ముందు గదిలో అడుగుపెట్టి ఆగిపోయింది. టేపు బయటికి తియ్యలేదు.

"ఈ కిటికీ కింద టేబుల్ వేసుకుంటే ఎంత వెలుతురో," అంది. "ఆ మూల పుస్తకాల అల్మరా. ఇక్కడ ఒక ఊయల కుర్చీ. బాగుంటుంది కదండీ?"

"చాలా బాగుంటుంది," అన్నాడు డాక్టరు ఆమెనే చూస్తూ.

బ్రోకరుకి అర్థమైపోయింది. ఇల్లు నచ్చినవాళ్ళు నచ్చిందని చెప్పరు, సామాన్లు సర్దడం మొదలుపెడతారు. ఈ రహస్యం మీదే అతను ఇన్నాళ్ళూ బతికాడు. ఊయల కుర్చీలో కూర్చున్న ఆమె, పక్కన నిలబడి మేకల జోకులు వేస్తున్న డాక్టరు కళ్ళ ముందు కదిలారు.

"ఈ ఇల్లు కారుతుందండీ," అన్నాడు.

ఇద్దరూ తిరిగి చూశారు.

"వానొస్తే ఈ గదంతా మడుగే. సరిగ్గా మీరు నిలబడ్డ చోటే కారుతుంది."

నోటిలోంచి మాట అలా రావడమేమిటి, బయట వాన ఇలా అందుకోవడమేమిటి. చినుకులు కావు, కుండపోత. గుమ్మం దాటే వీల్లేకుండా కొట్టింది.

డాక్టరు పెరట్లోకి వెళ్ళి ఒక బకెట్ తెచ్చి, బ్రోకరు చూపించిన చోటే పెట్టాడు. "పాపం, ఆవిడ నేల పాడవుతుంది," అన్నాడు.

ముగ్గురూ బకెట్ చుట్టూ నిలబడి పైకి చూశారు. వాన ఇంకా పెరిగింది. బ్రోకరు మెడ పట్టేసేలా కప్పువైపు చూస్తూ ఒక్క చుక్క, ఒకే ఒక్క చుక్క పడితే చాలని వేడుకున్నాడు. బకెట్ పొడిగానే ఉంది.

వంటింట్లోంచి నర్సమ్మ మోకాళ్ళు పట్టుకుంటూ వచ్చింది. "నా గది మధ్యలో బకెట్ ఎవరు పెట్టారు?"

"ఇక్కడ కారుతుందటమ్మా," అన్నాడు డాక్టరు అమాయకంగా.

"నా ఇల్లా? ఎవరన్నారు?"

కొలతలమ్మాయి బ్రోకరు వైపు తిరిగింది. ఆ చూపులో కోపం కంటే నొప్పి ఎక్కువ ఉంది. "ఎందుకు అబద్ధం చెప్పారు?"

మరో అబద్ధం అతని నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె మొహం చూశాక అది బయటికి రాలేదు.

"కుళ్ళు," అన్నాడు. "డాక్టర్ గారంటే కుళ్ళు. ఆయన జోకు వేస్తే మీరు నవ్వుతారు. అందుకే ఆ ఇళ్ళ లోపాలన్నీ చెప్పాను, నిజాయితీతో కాదు. ఆయన ఊరొదిలి పోతారని చెప్పాను. ఈ ఇంటికి లోపం దొరకలేదు. అందుకని కల్పించాను. ఇందులో మీరిద్దరూ కాపురం ఉంటే నేను చూడలేను."



డాక్టరు మెల్లగా అడిగాడు. "మరి ఆ ఇళ్ళ లోపాలు?"

"అవన్నీ నిజమేనండీ."

"అయితే నాకు మేలే చేశారు." ఆయన ఆమెవైపు చూశాడు. ఆమె తల దించుకుంది. "నేనడిగిన దానికి ఇంక జవాబు చెప్పక్కర్లేదు. అర్థమైంది."

"ఏమనుకోకండి," అంది ఆమె.

"అనుకోవడానికేముంది," అన్నాడు గానీ ఆమెవైపు చూడలేదు. వంగి బకెట్ తీసుకున్నాడు. "అమ్మా, ఇల్లు నేనే తీసుకుంటాను. కారదని తేలిపోయింది కదా." నర్సమ్మ ఆయన చెయ్యి పట్టుకుని, మోకాళ్ళ సంగతి మర్చిపోయి, వంటింట్లోకి తీసుకెళ్ళింది. ఆ మనిషి వీపు చూస్తుంటే బ్రోకరుకి మొదటిసారి జాలేసింది.

వరండాలోకి వచ్చాక ఆమె విరుచుకుపడింది.

"ఆయన అడిగి ఎన్నాళ్ళయింది? నేను జవాబు చెప్పకుండా ఎందుకు నానుస్తున్నాననుకున్నారు? ఈలోగా మీరు అడుగుతారేమోనని. మీరేమో గోడలు గీకుతూ కూర్చున్నారు."

"మరి ఆ టేబుల్, ఊయల కుర్చీ?"

"మంచి ఇల్లు కనబడితే ఎవరైనా అలా అనుకుంటారు. ఆ టేబుల్ దగ్గర డాక్టర్ గారిని కూర్చోబెట్టానా నేను?"

"ఎవర్ని కూర్చోబెట్టారు?"

ఆమె వానవైపు తిరిగింది. "ఒకాయన్ని. వాగుతూనే ఉంటాడు."

అతను అప్పుడు అడిగాడు. మామూలుగా ఇళ్ళ గురించి గంటలు గంటలు మాట్లాడేవాడు, ఆ ఒక్క ప్రశ్నా సగంలో తడబడి, మళ్ళీ మొదలుపెట్టి, ఎలాగో పూర్తి చేశాడు.

"చేసుకుంటాను," అంది. తర్వాత నెమ్మదిగా, "మీకొకటి చెప్పాలి. బ్యాంకులో కొత్తగా వచ్చిన ఆఫీసరమ్మకి మీరు ఎదురెళ్ళి, గొడుగు పట్టి మరీ ఒక ఇల్లు చూపించారే, గుర్తుందా? ఆవిడ బీరువా అందులో పట్టదని చెప్పి ఆ బేరం చెడగొట్టింది నేనే."

"పట్టదా?"

"రెండు పడతాయి." ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "నా టేపుతో నేను చెప్పిన అబద్ధం అదొక్కటే."

ఆ కమిషను పోయినందుకు అప్పట్లో అతను నెల రోజులు ఏడ్చాడు. ఇప్పుడు గోడకి చేరగిలబడి నవ్వుతూనే ఉన్నాడు.

వాన తగ్గాక ఆమె అతన్ని తిన్నగా బస్టాండుకి తీసుకెళ్ళింది. వాళ్ళ నాన్న బస్సులో డ్రైవరు సీట్లో కూర్చుని అద్దం తుడుస్తున్నాడు. బ్రోకరు కిటికీ కింద నిలబడి విషయం చెప్పాడు. పెద్దాయన గుడ్డ పక్కన పెట్టాడు.

"డాక్టరు అడిగితే ఇది ఉలకదు, పలకదు. ఇంకెవడో ఉన్నాడని అప్పుడే అనుకున్నా. నువ్వా?"

"నేనేనండీ."

"నేను డ్యూటీ దిగి వచ్చేసరికి గుమ్మంలో ఇది ఎదురొస్తుంది. వాళ్ళమ్మ పోయినప్పట్నుంచీ అంతే. ఇక మీదట నీకు ఎదురొస్తుందన్నమాట." ఆయన స్టీరింగు వైపు చూస్తూ అన్నాడు. "నాకు కుళ్ళుగా ఉండదా?"

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బ్రోకరుకి కుళ్ళు గురించి బాగా తెలుసు.

"మీ వీధిలోనే ఇల్లు చూస్తానండీ," అన్నాడు.

"ఆ వీధిలో అద్దెలు మండిపోతున్నాయి కదయ్యా."

"పెంచింది ఈయనే నాన్నా," అంది ఆమె కళ్ళు తుడుచుకుంటూ.

"తిప్పలు కూడా నేనే పడతానండీ."

పెద్దాయన మీసం కింద నవ్వు దాచుకుని ఇంజను స్టార్టు చేశాడు. "ఇద్దరూ ఎక్కండి. అమ్మడూ, నువ్వు ముందు సీట్లో కూర్చో. నువ్వు మాత్రం టికెట్ తీసుకోవయ్యా. ఇంకా మా ఇంటి మనిషివి కాలేదు."

అతను ఎక్కి టికెట్ తీసుకున్నాడు. అంత సంతోషంగా డబ్బులిచ్చిన ప్రయాణికుణ్ణి ఆ కండక్టరు తన సర్వీసులో ఎప్పుడూ చూడలేదు.